ఆరంగుళాల ఎత్తు

ఆ ఇంట్లో ఆమె నేల మీద బట్ట పరిచిందంటే చాలు, అందరికీ ఒక్కసారిగా ఎక్కడికో నడవాల్సిన పని పడుతుంది. అప్పటిదాకా సోఫాలో కదలకుండా కూర్చున్న అత్తగారికి కళ్ళజోడు గుర్తొస్తుంది. అది ఎప్పుడూ హాలుకి అవతలి పక్కనే ఉంటుంది. కూతురికి దాహమేస్తుంది. మొగుడుగారికి బాల్కనీలో ఆరేసిన తువ్వాలు ఎండిందో లేదో చూసి రావాలనిపిస్తుంది. మామూలు రోజుల్లో ఆ తువ్వాలు వానలో తడిసి ముద్దయినా అతను పట్టించుకున్న పాపాన పోడు. "కాస్త పక్కకి లాక్కో అమ్మాయ్, కాళ్ళకి చుట్టుకుంటోంది" అంటుంది అత్తగారు. నాలుగు మీటర్ల బట్టని పక్కకి లాక్కోవడమంటే ఏమిటో ఆవిడకి తెలియదు. ఒక కొస లాగితే రెండో కొస ముడత పడుతుంది, మడత జారుతుంది, సుద్దతో గీసిన గీత వంకరపోతుంది. మళ్ళీ మోకాళ్ళ మీద పాకుతూ నాలుగు మూలలూ సర్దుకు రావాలి.

పద్నాలుగేళ్ళుగా ఆడవాళ్ళ బట్టలు కుడుతోంది. చేతి పని శుభ్రంగా ఉంటుందని నాలుగు వీధుల అవతలి నుంచి కూడా వెతుక్కుంటూ వస్తారు. మిషనుకి పడగ్గది తలుపు వెనక చోటిచ్చారు, అదీ వాడనప్పుడు గుడ్డ కప్పి బీరువా పక్కకి నెట్టాలనే షరతు మీద. కుట్టడానికి ఆ మాత్రం చోటు చాలు. కొయ్యడానికే చోటు లేదు. కుట్టు తప్పితే కూర్చుని విప్పుకుంటుంది, పోయేది కాస్త దారం, ఒక మధ్యాహ్నం. కత్తెర తప్పితే ఏం చేస్తుంది? ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఇంట్లో ఎవరికీ తలకెక్కలేదు. వాళ్ళ దృష్టిలో కత్తెర పట్టుకోవడం అసలు పని కాదు, అసలు పనికి ముందు పరిచే చాప లాంటిదేదో.

ఆమె పొడగరి. మొగుడికంటే నాలుగు వేళ్ళు ఎత్తు. అందుకని అతను ముద్దుగా "నిచ్చెన" అంటాడు, నలుగురిలో మరీ ముద్దుగా అంటాడు. బల్బు మార్చాలన్నా అటక మీద సామాను దించాలన్నా నిచ్చెన కావాలి. ఆ పనులయ్యాక నిచ్చెన మళ్ళీ నేల మీద వంగి కూర్చుంటుంది. నడుము నొప్పికి డాక్టరు దగ్గరికి వెళితే, "నేల మీద వంగి చేసే పని మానెయ్యండి" అన్నాడు. పక్కనే ఉన్న మొగుడికి ఆ వాక్యంలో మొదటి సగం వినబడలేదు. ఇంటికొచ్చి తల్లితో, "పని మానెయ్యమన్నాడమ్మా డాక్టరు" అని చెప్పాడు. "నేనెప్పుడో చెప్పాను" అంది అత్తగారు. ఏ పని మానాలో మాత్రం వాళ్ళకి స్పష్టంగా తెలుసు. ఆ సాయంత్రం కూడా వంట ఆమే చేసింది.

హాల్లో డైనింగ్ టేబుల్ ఉంది. ఆరుగురికి సరిపడేది, నున్నగా పాలిష్ పెట్టినది. ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో మొగుడే ముచ్చటపడి తెచ్చాడు. మొదటి వారం రోజులు ఆమె వడ్డిస్తుంటే మిగతావాళ్ళందరూ దాని చుట్టూ కూర్చుని భోంచేశారు. తర్వాత టీవీ ఎదురుగా సోఫాలోకి కంచాలు మారిపోయాయి, టేబుల్ మీదికి హెల్మెట్టు వచ్చింది. హెల్మెట్టుకి తోడు అత్తగారి మందులు, పాత పేపర్లు, కూతురి ఇయర్‌ఫోన్లు, ఎవరివో తెలియని తాళాలు. ఒకసారి ఉండబట్టలేక అవన్నీ తీసి, తడిగుడ్డతో తుడిచి, బట్ట పరిచింది. మొగుడు గుమ్మంలోనే ఆగిపోయాడు. "డైనింగ్ టేబుల్ అంటే అన్నం తినేది. దాని మీద ఈ గుడ్డలేంటి? రేపు కంచంలో దారాలొస్తే?" అన్నాడు. ఆ మాట అని, వంటింట్లోంచి కంచం తెచ్చుకుని, సోఫాలో కూర్చుని తిన్నాడు. మీరు తినేది అక్కడ కదా అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. మింగడం అలవాటైన గొంతు అది. రెండు పూటలు తిరక్కుండానే హెల్మెట్టు తన సింహాసనం మీదికి తిరిగొచ్చింది.

ఇక మిగిలింది మంచం. మంచం మీద పరుపు, పరుపు మీద దుప్పటి, దాని మీద బట్ట. కత్తెర కింది రెక్క ఎప్పుడు ఏ పొరలోకి దూరుతుందో తెలియదు. ఒకసారి ఎవరిదో జాకెట్టు చేతితో పాటు దుప్పటి కూడా చేతి ఆకారంలో తెగి వచ్చింది. "మా నిచ్చెన దుప్పటికి కూడా కొలతలు తీసింది" అని మొగుడు ఆర్నెల్లపాటు వచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్వించాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే మొహం ముడుచుకుందంటారు. ఆ తర్వాత ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెని విప్పి, చదును చేసి, మంచం మీద పరుచుకుని దాని మీద కొయ్యడం మొదలుపెట్టింది. వంగడం మాత్రం తప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళో లైబ్రరీలో పనిచేసే లైబ్రేరియన్ బట్ట కుట్టించుకోవడానికి వచ్చింది. నెలాఖరుకి రిటైరవుతోంది ఆవిడ. సంచిలోంచి పాత తెల్లగుడ్డలో చుట్టిన ఆకుపచ్చ పట్టుబట్ట తీసింది. మధ్యలో నిలువునా సన్నటి తీగ నేత. తీగకి అటూ ఇటూ జంటలుగా ఆకులు. "మా అమ్మ కొనుక్కుంది. మంచి సందర్భం వచ్చినప్పుడు కుట్టించుకుంటానని ముప్ఫై ఏళ్ళు పెట్టెలో దాచింది. ఆ సందర్భం రాకుండానే పోయింది. నేను వేసుకుంటాను. పొడుగు గౌను కుట్టు. తీగ మాత్రం తెగకూడదు, ముందు భాగం మొత్తం ఒకటే ముక్కగా రావాలి" అంది. ఇంకా ఏదో చెప్పబోయి ఆగి, "ఇది మళ్ళీ దొరకదమ్మా" అంది. ఆవిడ వెళ్ళాక ఆమె చేతులు కడుక్కుని వచ్చి ఆ బట్టని ముట్టుకుంది. ఒక ఆడమనిషి ముప్ఫై ఏళ్ళు వాయిదా వేసుకున్న ముచ్చట తన చేతుల్లో ఉంది. భయమేసింది, గర్వంగానూ అనిపించింది.

గురువారం పొద్దున ఇల్లు ఖాళీగా ఉంటుందని ఆ రోజు ఎంచుకుంది. తీరా చూస్తే అత్తగారు బయటికి వెళ్ళలేదు, మొగుడు సెలవు పెట్టాడు. సరేలే అనుకుని మంచం మీద అట్ట పరిచి, బట్టని తీగ వెంబడి నిలువునా మడిచి, ఆ మడత తన వైపుకి పెట్టుకుంది. ముందు భాగం సగం గీసి, దాని మధ్యని మడతకి ఆనిస్తే, కోసి విప్పినప్పుడు పూర్తి ముక్క వస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్లకి మొదటి రోజు చెప్పే సంగతే ఇది. గీతలన్నీ పూర్తయ్యాయి. అప్పుడే అత్తగారు కేకేసింది, మందుసీసా మూత రావడం లేదట. మూత తీసి ఇచ్చి, మంచినీళ్ళు ఇచ్చి, కిటికీ తలుపు వెయ్యమంటే వేసి, మళ్ళీ తియ్యమంటే తీసి, ఆమె తిరిగొచ్చేసరికి మొగుడు మంచంలో పరుపు కింది అరలోంచి ఏవో కాగితాలు తీసుకుని లేస్తున్నాడు.

"పరుపెత్తాల్సొచ్చింది. నీ బట్టేం నలగలేదులే, ఎలా ఉందో అలాగే పెట్టాను" అన్నాడు.

అలాగే ఉన్నట్టే కనిపించింది. సుద్ద గీతలు దాదాపు అన్నీ రాలిపోయాయి. పట్టుమీద సుద్ద ఆగదు. వెనక నుంచి అత్తగారు మళ్ళీ పిలుస్తోంది, ఈసారి పొయ్యి మీద పాలు పొంగేలా ఉన్నాయట. స్టవ్వు కట్టడానికి లేచి పది అడుగులు వెయ్యాలి, ఇంట్లో ఇంకో మనిషి ఖాళీగా కాగితాలు చూసుకుంటున్నాడు, అయినా పిలుపు ఆమెకే. పరుగున వెళ్ళి కట్టేసి వచ్చింది. గబగబా గీతలు మళ్ళీ గీసింది. కోసింది. పట్టుబట్ట కత్తెరకి మెత్తగా, చల్లగా లొంగింది. విప్పి చూసుకుంటే చేతిలో ఒక ముక్క కాదు, రెండు ముక్కలున్నాయి. అతను బట్టని తిప్పి పెట్టాడు. మడత ఉండాల్సిన చోట విడి అంచులున్నాయి. అవతల ఉన్న మడతని విడి అంచులనుకుని సాపు చేస్తుంటే, దానితో పాటు తీగని కూడా ఆమె కత్తెర నిలువునా చీల్చుకుంటూ వెళ్ళింది. ఒక సగానికి కుడివైపు ఆకులు, ఇంకో సగానికి ఎడమవైపు ఆకులు. మళ్ళీ కొయ్యడానికి అంత బట్ట మిగల్లేదు.

ఆమె మంచం అంచున కూలబడింది. ఏమైందని మొగుడు వచ్చి చూసి, "దీనికేనా? మధ్యలో ఒక కుట్టు వేసెయ్. ఎవరు చూస్తారు? ఇప్పుడిదే ఫ్యాషన్ అని చెప్పు" అన్నాడు. తిప్పి పెట్టింది మీరే అంటే, "కోసే ముందు చూసుకోవాలి కదా" అన్నాడు. అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఇంట్లో కూర్చుని చేసుకునే పనికి ఇంత రాద్ధాంతమా" అంది.

చూసుకోవాలి. నిజమే. ఒళ్ళు మండిపోయిందంటే అందుకే, అతనన్నది నిజం కాబట్టి. పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా మడత చూసుకోకుండా కత్తెర పెట్టలేదు. ఈ రోజు పెట్టింది. కానీ తను పరిచిన బట్ట, తను వెనక్కి వచ్చేసరికి తను పరిచినట్టే ఉంటుందని నమ్మడం అంత పెద్ద తప్పా? అతని ల్యాప్‌టాప్‌ని ఎవరైనా ఇలా ఎత్తి, మూసి, అటుది ఇటు తిప్పి పెట్టి, చూసుకోవాలి కదా అంటారా? కూతురి పుస్తకం తెరిచి ఉంటే ఆ పేజీ మూసే ధైర్యం కూడా ఈ ఇంట్లో ఎవరికీ లేదు, చదువుకునే పిల్ల అంటారు. అత్తగారి పేకముక్కల్ని ముట్టుకోకుండా చుట్టూ ఊడవాలి. తన పని ఒక్కటే, ఎవరైనా చేత్తో ఎత్తి పక్కన పెట్టేయగలిగే పని. ఈ మాటలన్నీ లోపలే అనుకుంటూ రెండు ముక్కల్నీ తెల్లగుడ్డలో చుట్టి, చెప్పులేసుకుని బయల్దేరింది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు.

లైబ్రరీలో లైబ్రేరియన్ ఆ ముక్కలు విప్పి చూసింది. ఫ్యాషన్ అని చెబితే నమ్మేదేమో. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. "తప్పు నాదే మేడమ్. చూసుకోలేదు."

"కోపం లేదని అబద్ధం చెప్పను. ఉంది" అంది ఆవిడ. తర్వాత, "ఎక్కడ పెట్టి కోశావు?" అని అడిగింది.

"మంచం మీద."

ఆవిడ రెండు సగాలనీ పక్కపక్కన పెట్టి ఆకులకి ఆకులు జోడించి చూసింది. "బొత్తాలు పెట్టు. తీగ పొడుగునా, బట్టతోనే చుట్టిన చిన్న బొత్తాలు. మా అమ్మ ఒప్పుకునేది కాదు. నేను సర్దుకుంటాను" అంది. "ఎక్కడెక్కడ వస్తాయో ఇక్కడే గుర్తు పెట్టి వెళ్ళు. మళ్ళీ ఆ మంచం దాకా తీసుకెళ్ళకు."

లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. చిరిగిన పుస్తకాలకి అట్టలు కట్టే బైండరు ఒక పెద్ద బల్ల ముందు నిలబడి పని చేసుకుంటున్నాడు. అతను తన జిగురుగిన్నె పక్కకి జరుపుకుని సగం బల్ల ఖాళీ చేసి ఇచ్చాడు. ఆమె పట్టుముక్కల్ని పరిచింది. అలవాటుగా వంగబోయింది. వంగాల్సిన అవసరం రాలేదు. చేతులు వాటంతట అవే బట్ట మీద ఆనాయి. నడుము నిటారుగా ఉంది. గంటసేపు గుర్తులు పెట్టుకుంది, ఎవరూ పిలవలేదు. ఎవరూ దాటుకుంటూ పోలేదు. బైండరు కూడా తన పని నుంచి తలెత్తలేదు, ఆమెని అడ్డం అనుకోనూ లేదు. చిరిగిన పుస్తకాలకి కూడా ఒక బల్ల ఉంది కదా అనుకుంది. ముక్కలు చుట్టుకుని, మెడలో టేపు తీసి ఆ బల్ల ఎత్తు కొలిచింది. ముప్ఫై ఆరంగుళాలు. ఇంటికెళ్ళి డైనింగ్ టేబుల్ కొలిచింది. ముప్ఫై.

మర్నాడు పొద్దున వడ్రంగి నాలుగు చెక్కదిమ్మలతో వచ్చేసరికి టేబుల్ ఖాళీగా ఉంది. హెల్మెట్టు, మందులు, పేపర్లు, తాళాలు అన్నీ సోఫా మీద ఉన్నాయి. కుర్చీలు ఆరూ బాల్కనీలోకి వెళ్ళాయి. ఆఫీసుకి తయారై వచ్చిన మొగుడికి కూర్చునే చోటు కనపడలేదు. వడ్రంగి ఒక్కో కాలూ ఎత్తి కింద దిమ్మ పెట్టి బిగిస్తుంటే గోడకి ఆనుకుని చూశాడు.

"ఆరంగుళాలు లేపితే కుర్చీలో కూర్చున్నవాళ్ళకి గడ్డం దాకా వస్తుందమ్మా" అన్నాడు వడ్రంగి. "ఒక్కసారి బిగించాక మళ్ళీ తియ్యడం కష్టం. సరిగ్గా ఆలోచించుకున్నారా?"

"బిగించెయ్" అంది.

"అసలేం చేస్తున్నావ్ నువ్వు?" అన్నాడు మొగుడు. నిచ్చెన అనలేదు. "ఇంత ఎత్తు పెడితే దీని మీద అన్నం ఎలా తినాలి?"

ఆమె నాలుగో దిమ్మ వడ్రంగికి అందిస్తూ అతని వైపు చూసింది.

"నిలబడి. పెళ్ళైనప్పటి నుంచీ నేను వంటింట్లో అలాగే తింటున్నాను."