పొడి పక్క

రజాకార్ల లారీలు నకిరేకల్ బాటన వస్తున్నాయేమో చూడమని ఊరి సంఘం ఐలేశాన్ని తాటిచెట్టు ఎక్కించింది. కల్లు గీసేవాడు చెట్టు మీద కనిపిస్తే ఎవరికి అనుమానం? ఆ ఎండకాలం పొద్దున దూరంగా దుమ్ము లేచింది. ఐలేశం కేక వేశాడు. ఊరు చెలకల్లోకి పారిపోయి బతికింది. తొందరగా దిగబోయిన ఐలేశం నడుముకు కట్టుకున్న మోకు జారి కింద పడ్డాడు. నడుము విరిగింది. ప్రాణం మిగిలింది కాని, బొడ్డు కింద ఒళ్లు గిచ్చినా తెలియని మొద్దయింది.

భార్య బిక్షమ్మకు ఏడవడానికి తీరిక దొరకలేదు. ఉచ్చ ఎప్పుడు వచ్చేదీ అతనికి తెలిసేది కాదు. సంఘం పంపిన కాంపౌండరు పొత్తికడుపు మెల్లగా ఒత్తి ఉచ్చ పోయించడం ఆమెకు నేర్పాడు. “నీళ్లు మస్తుగ తాగియ్యాలె, మర్వకు” అని మరీ మరీ చెప్పి వెళ్లాడు. నీళ్లు తాగితే పక్క తడిసేది. తడిసిన బట్ట ఉతికేది, ఆరేసేది. అది ఆరకముందే ఇంకొకటి తడిసేది.

ఒకనాడు మరిది జానయ్య వాకిట్లో నిలబడి ఆమె చేతులు చూశాడు.

“ఏంది వదినె, గా చేతులు గట్ల నాని పాసిపోయినయి?”

“ఏం జెయ్యాలె జానయ్యా! మీ అన్న అప్పుడు చెట్టెక్కి కల్లు లొట్లు నింపిండు. ఇప్పుడు మంచమెక్కి బట్టలు నింపుతుండు!”

ఇద్దరూ నవ్వారు. లోపల మంచంలోంచి ఐలేశం కూడా నవ్వాడు.

ఆ తరువాత పక్క తడవడం తగ్గింది. కూలికి పోతూ ఆమె పెట్టిన నీళ్ల చెంబు సాయంత్రానికి ఖాళీగానే ఉండేది. పక్క మాత్రం పొడిగా ఉండేది. తెగిన నరం అతుకుతోందనుకుంది బిక్షమ్మ. గౌండ్ల దేవుడు కాటమయ్య కరుణించాడనుకుంది. జానయ్య చేత కల్లు తెప్పించి, మగడు పడిన ఆ చెట్టు మొదట్లోనే సాక పోసింది. తాగిన నీళ్లు ఎటు పోతున్నాయన్న ప్రశ్న ఒకసారి మనసు గడప దాకా వచ్చింది. ఆమె దాన్ని లోపలికి రానీయలేదు.

వానలు ముదిరాక ఐలేశానికి చలిజ్వరం వచ్చింది. ఒత్తితే వచ్చే కొద్దిపాటి ఉచ్చ కుడితిలా చిక్కగా, వాసనగా ఉంది. “నొస్తుందా?” అంటే “ఏం నొస్తలేదే” అన్నాడు. నొప్పి లేదు గనుక భయం లేదనుకుంది. నల్లగొండ దవాఖానకు పోదామంటే బాటంతా రజాకార్ల కాపలా. భాద్రపదంలో యూనియన్ సైన్యం వచ్చి బాటలు తెరుచుకున్నాకే జానయ్య బండి కట్టాడు. పానగల్లు దాటేసరికి ఐలేశం ఒళ్లు పెనంలా కాలుతోంది.

దవాఖానలో డాక్టరు దుప్పటి ఎత్తి చూసి నిట్టూర్చాడు.

“ఉచ్చసంచిల రోగం పుట్టి పైకెక్కింది తల్లీ. నడుమిరిగినోనికి మంట తెల్వది, నొప్పి తెల్వది. రోగంతోని కొట్లాడే బలం గూడ ఒంట్ల తగ్గుతది. నీళ్లు తాగుతుండెనా?”

“చెంబెడు చెంబెడు తాగిండు సాబూ!”

“తాగలేదు.” ఐలేశం గొంతు పొడిబారి ఉంది. “మంచం కింద ఎలుకబొక్కల పోసిన.”

బిక్షమ్మ అతని వైపు తిరిగింది. “దూపకు ఎట్ల ఓర్సుకున్నవయ్యా? నన్నెందుకు అడగకపోతివి?”

“పొద్దూకంగ వచ్చి పక్క తడిమేదానివి. పొడిగ ఉంటె నీ మొఖం ఎట్లయ్యేదో నీకేం ఎరుక బిక్షీ? అది సూసినంక మల్ల తాగబుద్ధి గాలే.”

బిక్షమ్మ తన చేతులు చూసుకుంది. చేతులు పాసిపోతే పోయాయి, ఆనాడు జానయ్య ముందు నోరెందుకు జారింది? జారిన మాటను కూడా అతను నవ్వుతూనే ఎందుకు మింగాడు?

సూదిమందు ఇచ్చి డాక్టరు చెప్పాడు: “తాగియ్యి. ఉచ్చ వస్తె బతుకుతడు.”

బిక్షమ్మ తాగించింది. గుటక గుటకకూ అతను కళ్లెత్తి ఆమెను చూశాడు. ఈసారి దాచకుండా, దోచుకున్నట్టు తాగాడు. ఆమె పొత్తికడుపు ఒత్తింది. పక్క తడిమింది. మళ్లీ తాగించింది, మళ్లీ తడిమింది. ఏ తడిని తిట్టుకుందో ఆ తడిని ఇమ్మని కాటమయ్యను వేడుకుంది.

“తడిసిందా?” అన్నాడు ఐలేశం కళ్లు మూసుకునే.

“తడిసిందయ్యా,” అంది బిక్షమ్మ.

పక్క పొడిగానే ఉంది. ఆ మాట విని అతను తృప్తిగా తల వాల్చాడు, మళ్లీ ఎత్తలేదు.