వెనక గది కింద ఏముంది

చేపల పులుసుకి హెప్సి చింతపండు పిండుతోంది, పక్క పొయ్యి మీద పోపు చిటపటలాడుతోంది.

"తలుపెయ్యి హెప్సీ, వాసన హాల్లోకొస్తోంది," అన్నాడు శుభాకర్, సోఫాలోంచే.

రెండు చేతులూ చింతపండే, మోకాలితో తలుపు నెట్టింది. బ్రిటన్ వచ్చాక, ఈ కార్డిఫ్‌లో ఇది మూడో అద్దె ఇల్లు. మూడిళ్లలోనూ మొగుడిది ఇదే మాట, వంటింటి టైల్స్‌ది ఇదే చలి. రెండు జతల సాక్సులు వేసుకున్నా, పొద్దుణ్ణించి ఆసుపత్రి వార్డులో తిరిగొచ్చిన పాదాలు ఇక్కడ నిలబడగానే మొద్దుబారిపోతాయి. ఇంకెన్నాళ్లులే అనుకుంటోంది ఈమధ్య, ఎందుకంటే ఊరి చివర వాళ్ల సొంతిల్లు లేస్తోంది, పునాది గోడలు అయిపోయాయి, సోమవారం కాంక్రీటు పోస్తారు, నేల చలి పైకి రాకుండా ఆ కాంక్రీటు కింద బెత్తెడు మందం ఇన్సులేషన్ బోర్డులు పరుస్తారు.

శుభాకర్‌కి ఆ బోర్డులంటే ఎంత మోజంటే, అన్నం తింటూ వాటి వీడియోలే చూస్తాడు, చర్చిలో కనబడ్డ ప్రతి అంకుల్‌కీ వాటి గురించే చెప్తాడు. "వెచ్చగా ఉండాలంటే కింద నుంచే మొదలెట్టాలి అంకుల్. కాంక్రీటు పడిందా, ఇక కింద ఏముందో, ఏం లేదో దేవుడికే తెలియాలి."

అంత మోజున్న మనిషి వెనక గది మాటెత్తితే మాత్రం ఎందుకు టాపిక్ మార్చేస్తున్నాడు? వెనక గది అంటే రెండో వంటిల్లు. ఇక్కడ మనవాళ్లు ఇల్లు కట్టుకుంటే అదొకటి ఉండాల్సిందే. హాల్లో కలిసిపోయిన నాజూకు కిచెన్ వచ్చినవాళ్లు చూసి మెచ్చుకోవడానికి, గార్డెన్ వైపు గది పోపులకీ వేపుళ్లకీ చేపలకీ, అంటే అసలు వంటంతటికీ. దాని కింద కూడా బోర్డులు వేస్తున్నారా అని హెప్సి అడిగితే, అన్నీ చూసుకుంటున్నాంలే అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా. బిల్డర్ గారెత్ ఫోన్ చేస్తే బయటికెళ్లి మాట్లాడుతున్నాడు. ఇంకోపక్క అత్తగారు మణెమ్మ, ఎప్పుడూ లేనిది, గొంతులో తేనె పోసుకుని "నీకంటూ ఓ వంటిల్లమ్మా, నిన్నెవరూ కదపరు" అంటోంది. పెళ్లయ్యాక ఆవిడ నోట 'నీకంటూ' అన్న మాట రావడం ఇదే మొదలు, అందుకే హెప్సికి భయమేసింది. అసలు ఈ గది ప్లాన్‌లోకి ఎప్పుడొచ్చిందో ఆమెకి బాగా గుర్తు. కూతురు జెమీమా స్కూల్నుంచి వచ్చి "మమ్, మై బ్లేజర్ స్మెల్స్" అని మూతి ముడిచిన మర్నాడు. ఆమెనెవరూ అడగలేదు, చెప్పారంతే. వండేటప్పుడు అందరికీ వచ్చే వాసన, కంచాల ముందు కూర్చున్నాక ఒక్కరికీ రాదు.

వార్డులో హెప్సికి ఒక అలవాటుంది. అడక్కముందే "బాగానే ఉంది సిస్టర్" అనే పేషెంట్ దుప్పటి ఎత్తి చూస్తుంది. పుండు అక్కడే ఉంటుంది.

శనివారం డ్యూటీ లేదు, నేనూ సైట్‌కి వస్తానంది. అంతా బురద, నీకెందుకన్నాడు. ఫ్లాస్కులో టీ పోసుకుని కారెక్కేసింది. మణెమ్మ శాలువా కప్పుకుని వెనక సీట్లో కూర్చుంది.

పునాది గోడల మధ్య ముందు భాగమంతా వెండిరేకు అంటించిన బోర్డులు, ఆ మబ్బు వెలుగులో కూడా మెరుస్తూ, సందు లేకుండా పరిచి ఉన్నాయి. వెనక గది మీద మాత్రం నీలం టార్పాలిన్ కప్పి ఉంది.

"వానకి తడవకుండా," అన్నాడు శుభాకర్, ఎవరూ అడక్కుండానే.

హెప్సి వంగి అంచు పట్టుకుని ఎత్తింది. ఇసుక మీద నల్ల ప్లాస్టిక్ షీటు, అంతే. బోర్డుల్లేవు.

బోర్డులు ఇంకా రావాలా అని పక్కనే నిలబడ్డ గారెత్‌ని అడిగింది. ఆయన టీ ఊదుకుంటూ, లేదు, ఇది స్టోర్ రూమే కదా, హీటింగ్ కూడా పెట్టడం లేదు, మీ ఆయనే బోర్డులు వద్దన్నారు అని మామూలుగా చెప్పేశాడు.

స్టోర్ రూమ్. ఇల్లంతా వెచ్చగా ఉండాలని అంత తపన పడ్డ మనిషి, పెళ్లాం రోజూ నిలబడి వండబోయే చోటుకొచ్చేసరికి ఆగిపోయాడు. మర్చిపోయి కాదు, ఆలోచించే ఆగాడు. సోఫా కింద వేశాడు, టీవీ కింద వేశాడు, ఎవరూ వండని ఆ కిచెన్ కింద కూడా వేశాడు. తనని మాత్రం సామాన్లలో కలిపేశాడు.

"అక్కడ నువ్వు స్టవ్ దగ్గరేగా నిలబడతావ్," అన్నాడు శుభాకర్ నచ్చజెప్తున్నట్టు. "దానంతటదే వేడెక్కుద్ది."

మణెమ్మ పక్కనే ఆపిన కారు అద్దం దించింది. "చెప్పులేసుకుంటే సరిపోద్దిగా."

గారెత్‌కి తెలుగు అర్థం కాలేదు గానీ మొహాలు అర్థమయ్యాయి. మిగిలిన బోర్డులు సరిపోతాయి, ఈ పూటలో పరిచేస్తానన్నాడు. పరాయివాడి ముందు శుభాకర్ పెద్దమనిషైపోయాడు.

"సరే హెప్సీ, నీ ఇష్టం. వెయ్యమంటావా?"

వెయ్యమను అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెచ్చటి నేల ఎవరికి చేదు? కానీ ఆమె అనుమానం ఇంకా పోలేదు, ఇప్పుడది ఆ ప్రశ్న మీదికి మళ్లింది. అవునంటే ఏమవుతుంది? పాదాలు వెచ్చగా ఉంటాయి, గది మాత్రం వెనకే ఉంటుంది, తలుపు మూసే ఉంటుంది, నవ్వులన్నీ అవతల, తను ఇవతల, తనే అడిగి వేయించుకున్న బోర్డుల మీద. సోమవారం కాంక్రీటుతో పాటు తనూ అక్కడే గట్టిపడిపోతుంది.

"వద్దు," అంది హెప్సి. "స్టోర్ రూమేగా. బియ్యం బస్తాలకి చలెయ్యదు."

హమ్మయ్య అన్నట్టు నవ్వాడు శుభాకర్.

హెప్సి టార్పాలిన్ మళ్లీ సర్ది కప్పింది. బురద బూట్లు గోడ పక్కన విడిచి, సాక్సులతో వెండి బోర్డుల మీద నడుచుకుంటూ ముందుకెళ్లి, హాలూ కిచెనూ కలిసే చోట, స్టవ్ వస్తుందని గారెత్ చూపించిన మూల నిలబడింది. ఈ కిచెన్‌కి తలుపెక్కడ వస్తుందని ఆయన్నడిగింది.

తలుపు లేదు, అంతా ఓపెన్ ప్లాన్, మీ ఆయన కోరిందే అన్నాడు గారెత్.

"మంచిది," అని శుభాకర్ వైపు తిరిగింది హెప్సి. "చేపల పులుసు ఇక్కడే."