ఐదో శాంపిల్

పెద్ద కోడలు ఆసుపత్రి క్యాంటీన్‌తో వియ్యమందుకుందని పక్కింటామె కుళాయి దగ్గర అందట. లేకపోతే రెండు వారాల్లో నాలుగుసార్లు, ఉతికిన చీర కట్టుకుని, సంచి నిండా బీన్స్ పట్టుకుని ఆ గుమ్మం ఎందుకు తొక్కుతుందని కూడా అందట. చిన్న కోడలు ఆ మాట ఇంటికి మోసుకొచ్చి, బిందె దించకముందే తోడికోడలి చెవిన వేసింది.

పెద్ద కోడలికి నవ్వు రాలేదు. ఐదో శాంపిల్‌కి కొన్ని కాయలు తక్కువయ్యాయి, మళ్ళీ తోటలోకి పోవాలి.

అంతా కాటా దగ్గర మొదలైంది. వాళ్ళ అరెకరం బీన్స్ కొనే దళారి పొలం గట్టు మీదికే వచ్చేవాడు. నూటికి పది కమీషన్ అనేవాడు, తరుగు పేరుతో బస్తాకి రెండు కిలోలు కోసేవాడు. ఈసారి ఆవిడకి ఒళ్ళు మండింది. నలుగురి ముందూ కాటా వాడి చేతికిచ్చి, మళ్ళీ ఈ గట్టెక్కితే మర్యాదగా ఉండదని పంపేసింది. ఆసుపత్రి క్యాంటీన్ వాళ్ళయితే నేరుగా కొంటారని, మధ్యలో ఎవరూ ఉండరని వాకబు చేసుకుంది.

మధ్యలో ఎవరూ లేరన్నది నిజమే. ఉన్నవాళ్ళంతా అవతలి కొసనే ఉన్నారు. మొదటి శాంపిల్ చూసిన స్టోర్ కీపర్ బ్రహ్మాండం అన్నాడు, కానీ వంటమేస్త్రి చూడాలన్నాడు. వంటమేస్త్రి సెలవు. రెండోది ఆయన తుంచి చూసి, పురుగుమందు పరీక్ష చేయించమన్నాడు. మూడో సంచి పరీక్షకే పోయింది. నాలుగోసారి పొలం కాగితాలడిగారు. పొలం మామగారి పేరున, బ్యాంకు ఖాతా ఈవిడ పేరున. ఎవరూ కసురుకోలేదు. కుర్చీ వేసి, అమ్మా అని పిలిచి మరీ, కాగితాలు సరిచేసుకుని ఇంకో శాంపిల్‌తో రమ్మన్నారు.

ఆర్డరు ఖాయమైన రోజున క్యాంటీన్ వాళ్ళడిగిన వంద కిలోలు ఒక్కసారే దింపాలని ఆవిడ తోట కోయనివ్వలేదు. శాంపిల్‌కి మాత్రం సాళ్ళన్నీ తిరిగి, అన్నిటికన్నా లేతవి, తిన్ననివి ఏరేది. ముదురు కాయ తీగ మీదుంటే కొత్త పూత రాదని చిన్న కోడలు రెండుసార్లు గుర్తు చేసింది. కోసి ఎవరి నెత్తిన పోస్తావని పెద్ద కోడలు నోరు మూయించింది. దళారిని పిలుద్దామన్న మాట ఇద్దరి నోటా రాలేదు.

ఐదో శాంపిల్ ఇచ్చొచ్చిన మూడో రోజు ఫోన్ మోగింది. ఖాయం చేశారు. రేపు పొద్దున ఆరింటికల్లా వంద కిలోలు, అచ్చం శాంపిల్‌లో ఉన్నట్టే.

ఇద్దరూ గంపలు పట్టుకుని తోటకి పరుగెత్తారు. పెద్ద కోడలు ఒక కాయ తుంచబోతే విరగలేదు, పీచు తేలి తాడులా వేలాడింది. ఇంకోటి తుంచింది. లోపల గింజ గట్టిపడింది. సాలు చివరిదాకా పోయి వచ్చింది. ఏ తీగకీ ఒక్క పువ్వు లేదు.

“జాగ్రత్తగా ఏరితే ఎన్నొస్తాయే?” అంది.

చిన్న కోడలు గంప బోర్లించి దాని మీద కూర్చుంది.

“ఏరడం అయిపోయిందక్కా. నువ్వు బస్సులో మోసుకెళ్ళిన ఐదు సంచులే మన పంట.”