నల్లమడుగు చేపల లెక్క

చేపల ఆఫీసులో ఉద్యోగం వచ్చిందని చెప్పుకోవడానికి బదరీనారాయణకు ఆరు నెలలు నోరు రాలేదు. పులివెందులలో వాళ్ల నాన్నది పౌరోహిత్యం. ఆ ఇంటి గడప లోపలికి చేప వాసన కూడా వచ్చి ఎరగదు. టీచరు పనికి మూడుసార్లు అర్జీ పెట్టి, మూడుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చాక ప్రొద్దుటూరులో ఈ టెంపరరీ ఉద్యోగం దొరికింది. చుట్టాలెవరైనా అడిగితే "ఏటి పనుల డిపార్టుమెంటు" అనేవాడు. ఏటి పనే కదా, అందులో అబద్ధమేముంది!

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రెండో ఎండాకాలం అది. పెన్నలో నీళ్లు నిలిచే మడుగుల్లో చేపలు ఎన్ని ఉన్నాయో, పట్టకుండా, చంపకుండా, కంటితో చూసి లెక్కపెట్టి పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. దానికొక పెట్టె కూడా పంపారు. మామూలు చెక్కపెట్టే, కాకపోతే అడుగుచెక్క బదులు గాజుపలక బిగించి, చుట్టూ లప్పం పెట్టారు. నీళ్లమీద పెట్టి కాస్త అదిమి, పైనుంచి తల దూరిస్తే ఏటి లోపల జరిగేదంతా కనబడుతుంది.

ఆఫీసులో ఇన్‌స్పెక్టరు సీతాపతిది గోదావరి జిల్లా. చేపల సంగతి పొలుసు నుంచి ముల్లు దాకా ఎరిగిన మనిషి. లెక్కకు ఎవర్ని పంపాలా అని అట్టే ఆలోచించలేదు.

"నువ్వే వెళ్లవయ్యా బదరీ. చేపలు తినేవాణ్ని పంపితే సగం లెక్క వాడి కంచంలోనే తేలుతుంది," అని నవ్వాడు.

అట్లా బదరీనారాయణ భార్య జయలక్ష్మితో సహా జమ్మలమడుగు వచ్చి ఒక గది అద్దెకు తీసుకున్నాడు. గండికోట కొండ దిగువన ఏటి మలుపులో ఉంది నల్లమడుగు. చుట్టూ ఇసుక మాడిపోతున్నా అందులో నిలువెత్తు నీళ్లు చల్లగా, తేటగా ఉంటాయి. ఒడ్డున గుడిసె వేసుకుని నబీ రసూల్, ఆయన భార్య దిల్షాద్‌బీ ఉంటారు. పొలం లేదు, పుట్ర లేదు. ఎండాకాలమంతా ఆ మడుగులో చేపలు పట్టి జమ్మలమడుగులో అమ్ముకుంటేనే వాళ్లకు పొయ్యి వెలిగేది. నబీ రసూల్ దగ్గర తోలు బిగించిన పుట్టి, గుండ్రటి బుట్టపడవ, ఒకటుంది. దాన్ని బదరీనారాయణకు మాట్లాడుకున్నారు. లెక్క తేలి పైనుంచి జవాబు వచ్చేదాకా వల వెయ్యకూడదని సీతాపతి షరతు పెట్టాడు.

మొదటిరోజు పెట్టెలో తల పెట్టిన బదరీనారాయణ దాన్ని ఎత్తడమే మరిచిపోయాడు. సంతలో గంపల్లో తెల్లగా కళ్లు తేలేసి ఉండేవే చేపలనుకున్నాడు అంతవరకూ. ఇక్కడ అవి నిదానంగా తిరుగుతున్నాయి, రాళ్లను ముట్టె పెట్టి కెలుకుతున్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఒకటి గాజు కిందికి వచ్చి తనవైపే చూసింది. ఇంత వయసు వచ్చి, పెళ్లై, ఉద్యోగం చేస్తూ, చేపను చూసి కళ్లు చెమర్చాయని ఎవరితో చెప్పుకోగలడు? పట్టరాని సంతోషం వేసింది, అంతే.

మొదటి వారమంతా లోతులు కొలవడంతో, మడుగు పొడుగునా పదిచోట్ల సొరబుర్రలు తేల్చి గుర్తులు కట్టడంతో గడిచింది. బదరీనారాయణకు కడుపులో మంట. ఒక్కసారిగా తినవద్దని, కొద్దికొద్దిగా తినమని ఊళ్లో మందిచ్చే ఆచారి చెప్పాడు. జయలక్ష్మి క్యారియరు నిండా పెరుగన్నం కట్టి ఇచ్చేది. సొరబుర్ర దగ్గర పుట్టి ఆగినప్పుడల్లా రెండు ముద్దలు తినేవాడు. అన్నం ముట్టేముందు నాలుగు మెతుకులు తీసి విస్తరి పక్కన పెట్టడం వాళ్లింటి ఆచారం. పుట్టిలో విస్తరీ లేదు, నేలా లేదు. అందుకని ఆ మెతుకులు నీళ్లలో విడిచేవాడు. తిన్నాక గిన్నె కడిగిన నీళ్లూ, అడుగున అంటిన మెతుకులూ కూడా ఏట్లోకే పోయేవి. నబీ రసూల్ మొహం పక్కకు తిప్పుకుని, తినడం అయ్యేదాకా గెడ ఆనుకుని నిలబడేవాడు.

రెండోవారం అసలు లెక్క మొదలైంది. ప్రతి గుర్తు దగ్గరా పావుగంట చూడాలి, ఒక్కసారిగా కనబడినవాటిలో ఎక్కువ సంఖ్య ఏదో అది రాయాలి. చేపల బొమ్మలున్న అచ్చుకాగితం ఒకటిచ్చారు. దాన్ని చూసి బొచ్చె ఏదో, వాలుగ ఏదో, జెల్ల ఏదో గుర్తుపట్టేవాడు. ఒకటి మాత్రం ఏ బొమ్మతోనూ సరిపోలేదు. దాని తోక ఒకవైపు నెలవంకలాగా లోపలికి పోయి ఉంది. కొత్త జాతి! పుస్తకంలో దానికి వేరే గడి గీసి, "నెలవంక తోక రకం" అని పేరు పెట్టాడు. మొదటి గుర్తు దగ్గర ఒకటి, రెండో గుర్తు దగ్గర ఒకటి, అట్లా పదింటి దగ్గరా ఒక్కొక్కటే కనబడింది. చివర్న ఎర్ర సిరాతో, "ఈ జాతి ఒంటరిగా తిరుగును" అని కూడా రాశాడు.

మొత్తం నాలుగువందల ఎనభైరెండు.

సీతాపతి మొత్తాలు చూసే మనిషి, గడులు చూసే మనిషి కాదు. "శభాష్! నిన్ను పర్మనెంటు చెయ్యమని ఈ రిపోర్టుతోనే రాసి పంపుతాను," అన్నాడు. ఆ మాట విని జయలక్ష్మి ముగ్గురు అమ్మలక్కలకు పసుపు కుంకుమలిచ్చి పంచదార పంచింది. పులివెందులకు జాబు రాస్తూ బదరీనారాయణ మొట్టమొదటిసారి "చేపల ఆఫీసు" అని ఉన్నదున్నట్టు రాశాడు.

పదిరోజులకు నబీ రసూల్ ప్రొద్దుటూరు ఆఫీసు మెట్ల దగ్గర ప్రత్యక్షమయ్యాడు. చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయి ఉంది.

"ఏమప్పా రసూలూ, ఇంత ఎండలో యాడికొచ్చినావు?"

"ఊర్లో టముకేసినారు సామీ. నల్లమడుగును మూడేండ్లు గుత్తకు ఇస్తారంట. వచ్చే బుధవారం వేలమంట. మూడునూర్లు దాటి చేపలుంటే వేలమేనంట, తక్కువుంటే ఊరోళ్లకే ఇడుస్తారంట. మీకు తెల్సునా ఈ సంగతి?"

బదరీనారాయణకు తెలియదు. లెక్కపెట్టమన్నారు, పెట్టాడు. ఎందుకని అడగాలన్న ఆలోచనే అతనికి రాలేదు.

"ఆడ అన్ని చేపలు ల్యా సామీ," అన్నాడు నబీ రసూల్ తల వంచుకుని. "మీ అన్నానికి మరిగినాయి అవి. ఒక బుర్ర కాడ్నించి ఇంకో బుర్రకి పుట్టి ఎనకాలే వస్తాండె. నాకు పైనుంచి కనబడతానే ఉండె."

"మరి ఆపొద్దే ఎందుకు చెప్పలేదప్పా?"

"సర్కారోళ్లు చేపలెక్కువుంటే వలలిస్తారేమో అనుకుంటి. ఇంకోటి... మీరు ప్రతి తావులోనూ అన్ని సూసి శానా మురిసిపోతాంటిరి. నాకు నోరు రాలేదు సామీ. అవి ఎనకబడకూడదని నేనే పుట్టిని మెల్లగా తోస్తాంటి."

బదరీనారాయణ లోపలికి పోయి లెక్క పుస్తకం తీశాడు. నెలవంక తోక రకం: ఒకటి, ఒకటి, ఒకటి. పది గడుల్లో పది ఒకట్లు. ఏ తాబేలో కొరికిన తోకతో ఒకే ఒక్క చేప పొద్దంతా తన వెంట తిరిగితే, దాన్ని జాతిని చేసి పేరు పెట్టాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ సిగ్గు దిగాక భయం పట్టుకుంది.

పుస్తకం తీసుకుపోయి సీతాపతి ముందు పెట్టి, పెరుగన్నం సంగతీ, మెతుకుల సంగతీ దాచకుండా చెప్పాడు. సీతాపతి ఆ ఎర్ర సిరా వాక్యం చదివి కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక మొహం మారింది.

"చూడు బదరీ. కాగితాలు పైకి వెళ్లిపోయాయి. నువ్వు నోరు మూసుకుంటే పర్మనెంటు అవుతావు. తప్పని రుజువైతే, తప్పుడు లెక్క ఇచ్చాడని నేనే రాయాలి. టెంపరరీ వాణ్ని ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఉంచరు. ఇంటికెళ్లి మీ ఆవిణ్ని అడిగి రా."

జయలక్ష్మిని అడిగితే ఏమంటుందో అతనికి తెలుసు. అడగడానికి భయపడ్డాడు. మెట్లమీద కూర్చున్న నబీ రసూల్‌ను కిటికీలోంచి ఒకసారి చూసి, "మళ్లీ లెక్కపెడదాం సార్. మీరే రండి," అన్నాడు.

సోమవారం ముగ్గురూ పుట్టి ఎక్కారు. బదరీనారాయణ ఆ పూట క్యారియరు మూత తియ్యలేదు. మెతుకు వెయ్యకుంటే చేపలు రావు, నిజం తేలిపోతుందనుకున్నాడు. రెండో గుర్తు దగ్గర సీతాపతి పెట్టెలో తల దూర్చి, "ఏవయ్యా, నువ్వు రాసినన్నీ ఉన్నాయి కదా ఇక్కడ!" అన్నాడు. మూడో గుర్తు దగ్గరా అంతే. అన్నం ఉన్నా లేకున్నా పుట్టి కదిలితే చాలు, అవి వెంటబడుతున్నాయి. బదరీనారాయణ ఉద్యోగం పోగొట్టుకోవడానికి సిద్ధపడి వస్తే, అది కూడా కుదిరేలా లేదు.

కాసేపటికి అతనే ఒక దారి ఆలోచించాడు. నబీ రసూల్ బావమరిది అమీర్ బాషాకు ఇంకో పుట్టి ఉంది. దాన్ని తెప్పించారు. మొదటి గుర్తు దగ్గర బదరీనారాయణ పాత పుట్టిలో కూర్చుని తింటూ ఉండాలి. సీతాపతి పెట్టె తీసుకుని, కొత్త పుట్టిలో మిగతా తొమ్మిది చోట్లకూ పోయి చూడాలి.

చేపలన్నీ ముందు బదరీనారాయణ పుట్టి కిందికి చేరాయి. సీతాపతి వాటిని లెక్కపెట్టుకుని బయలుదేరాడు. బదరీనారాయణ ఒక్కో ముద్ద తింటూ, ఒక్కో పిడికెడు విడుస్తూ కూర్చున్నాడు. ఇది ఆచారం కాదు, మేత వెయ్యడమని అతనికి తెలుసు. కడుపు మండిపోతున్నా తిన్నాడు. పెట్టె లేకపోయినా నీళ్ల పైపైకి వచ్చే మూతులు కనబడుతున్నాయి. ఎంత నమ్మకంగా వచ్చాయో! వీటిని లెక్కపెట్టడం తప్ప ఇంకే పనీ చెయ్యాలని లేదు నాకు అనుకున్నాడు.

పొద్దు వాలేలోపల సీతాపతి తిరిగొచ్చాడు. "నీ కింద నలభై ఎనిమిది. మిగతా తొమ్మిది చోట్లా కలిపి పంతొమ్మిది. అరవై ఏడయ్యా బదరీ, అరవై ఏడు!" అన్నాడు. గొంతులో ఎగతాళి లేదు. "వేలం ఆపమని రేపే తంతి ఇస్తాను. నీ మీద రెండో కాగితం కూడా రాయక తప్పదు."

"రాయండి సార్," అన్నాడు బదరీనారాయణ.

వేలం ఆగింది. శనివారానికి అతని పనీ పోయింది. మరుసటి పూటే జయలక్ష్మి సామాను సర్దడం మొదలుపెట్టింది. పెట్టె అప్పగించి సంతకం చేశాక, గుర్తులు విప్పే పని మిగిలిందని బదరీనారాయణ చివరిసారి నల్లమడుగుకు పోయాడు.

నబీ రసూల్ గుడిసె ముందు కూర్చుని వల అల్లుతున్నాడు. నెలకు పైగా వాడక ఎలుకలు కొట్టినచోట్ల దారం వేస్తున్నాడు. దిల్షాద్‌బీ దారం అందిస్తోంది.

"ఎప్పుడు ఏస్తావప్పా?"

"రేప్పొద్దున్నే సామీ. ఇంట్లో గింజ ల్యా."

బదరీనారాయణ నీళ్లవైపు చూశాడు. ఈ మడుగు ఆయనది కావాలనే కదా తాను నిజం చెప్పింది. చేపలు పట్టడానికే కదా మడుగు. అంతా తెలుసు. అయినా అడగకుండా ఉండలేకపోయాడు.

"పుట్టి కదిలితే చాలు, అన్నం పెడతారని అవే వస్తాయప్పా నీ కిందికి. నేను అడగకూడదు, నాకు తెలుసు. పది దినాలు... అవి పుట్టిని మర్సిపోయేదాకా..."

నబీ రసూల్ దారం కొరికి, ముడి బిగించి, వల పక్కన పెట్టాడు.

"పది దినాలు సాలవు సామీ. అన్నం పెట్టిన పుట్టిని అవి అంత బిరీన యాడ మర్సిపోతాయి? నెల ఇడుస్తా."

నెల దాటితే వానలు. వానలొస్తే మడుగు ఏట్లో కలిసి చేపలు ఎక్కడెక్కడికో పోతాయి, ఆ ఏడు ఇక వల వేసేది లేదు. అది ముగ్గురికీ తెలుసు. బదరీనారాయణ రెండు చేతులూ జోడించాడు. దిల్షాద్‌బీ వల చుట్ట చుట్టి గుడిసెలోకి తీసుకుపోతూ, "చిలమకూరు కాడ బండలు కొట్టే పనికి మనుషులు కావాలంటాండారు. రేపు పొద్దున్నే పోదాం," అని మొగుడితో అన్నది.