బఠానీలు వలిచిన మధ్యాహ్నం

ఇంట్లో ఇప్పటికీ చిన్నోడనే పిలుస్తారు గాని అతనికి నలభై దగ్గర పడుతున్నాయి, నడినెత్తిన జుట్టు ఎప్పుడో సెలవు తీసుకుంది. లిఫ్టులు బాగుచేయడం అతని పని. అన్నయ్య ఇంట్లోనే మేడమీద గది, కింద వదిన చేతి భోజనం. పెళ్లి మాట ఎత్తితే చాలు, పనుందని మెట్లెక్కేసేవాడు. అలా ఏ చీకూచింతా లేకుండా రోజులు వెళ్లిపోతున్న మనిషికి కిడ్నీలు రెండూ మొరాయించాయి.

డయాలిసిస్ మీద ఉన్న మనిషికి అన్నిటికంటే పెద్ద కష్టం దాహం. నీళ్లు గుక్కలు లెక్కపెట్టుకుని తాగాలి. ఎండాకాలంలో చిన్నోడు ఐసుముక్క నాలుక మీద పెట్టుకుని, అది కరిగేదాకా కళ్లు మూసుకుని కూర్చునేవాడు. నారింజ తినకూడదు, టమాటా తినకూడదు, అరటిపండు వైపు చూడనే కూడదు. అన్నయ్య తన కిడ్నీ ఇస్తానన్నాడు గాని ఆయనకు షుగరు, పనికిరాదన్నారు. ఆ సంగతి ఇంట్లో చెప్పుకుంటూ అందరూ నేల చూపులు చూస్తుంటే, వదిన కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తకుండా, "నాది చూడమనండి" అంది. ఎవరో వచ్చి జాకెట్టు కాస్త వదులు చెయ్యమంటే సరేనన్నంత మామూలుగా అంది.

ఆమెది సరిపోయింది. ఆపరేషను నగరంలోని పెద్ద ఆస్పత్రిలో జరిగింది. ఇద్దరూ కోలుకున్నారు. ఏడాది దాటాక డాక్టరు చిన్నోడి భుజం తట్టి, "నీళ్లు కడుపునిండా తాగు. శుభ్రంగా, వేడిగా వండినవి తిను. ఇక లోకాన్ని చూడవయ్యా!" అన్నాడు.

ఆ మాట పట్టుకుని చిన్నోడు ఇంట్లో ప్రకటించాడు. "నగరమంటే మనకు తెలిసింది స్టేషను, బస్సు, ఆస్పత్రి వరండా. ఈ శని ఆదివారాలు వెళ్లి తిని, తాగి, తిరిగొద్దాం. నేను తీసుకెళ్తాను."

అతని మనసులో ఇంకో సంగతి కూడా ఉంది. ఇంతకాలమైనా వదినకు కృతజ్ఞతగా ఒక్క ముక్క నోరు తెరిచి చెప్పలేదు. చెప్పబోయినప్పుడల్లా ఆమె, "అన్నం చల్లారిపోతోంది, ముందు తిను" అని మాట తెంచేసేది. అందుకని నగరంలో అన్నిటికంటే ఎత్తయిన మేడ మీద, కూర్చున్నవాళ్లతో సహా గుండ్రంగా తిరిగే హోటల్లో, కిటికీ పక్క బల్ల ముందే చెప్పి ఉంచాడు. అంత ఎత్తున కూర్చోబెడితే తప్పించుకుని ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు.

శనివారం పొద్దున రైలు దిగారు. అన్నయ్య సొంతూళ్లో సిటీబస్సు నడుపుతాడు. అందుకని ఆయనకు నగరంలో అద్దాల మేడలు కనబడవు, డ్రైవర్ల తప్పులే కనబడతాయి. "చూడరా, అలాగేనా మలుపు తిప్పేది? లోపల ఉన్నది మనుషులా, బస్తాలా?"

స్టేషను ఎదురుగా వంతెన కింద ఒక టిఫిను హోటలుంటే అక్కడ కూర్చున్నారు. చిన్నోడు ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగాడు, తరువాత టీ తాగాడు, ఆ తరువాత నారింజరసం అడిగాడు. వదిన లేచి లోపలికి వెళ్లి, పళ్లు కడిగించి, కత్తి కడిగించి, గ్లాసు మళ్లీ కడిగించి తనే తీసుకొచ్చింది. హోటలువాడు విసుక్కోబోయాడు గాని ఆమె ముఖం చూసి మానుకున్నాడు. ఆ రసం గొంతులో చల్లగా దిగుతుంటే చిన్నోడికి కళ్లు చెమ్మగిల్లాయి.

"పుల్లగా ఉందా?" అంది వదిన.

"అవును వదినా, పులుపే" అన్నాడు.

అక్కడి నుంచి దీపాల దుకాణాల సందు చూశారు. బట్టల బజారులో వదిన ప్రతి తానూ వేళ్ల మధ్య నలిపి చూసి, ఒక్కటీ కొనకుండా, కొన్నంత సంతోషంగా బయటపడింది. మధ్యాహ్నం కావస్తోంది. "ఇక మేడ మీదికి పోదామా?" అన్నాడు చిన్నోడు.

వదిన కొంగు సర్దుకుంది. "నాకు ఒకచోటికి వెళ్లాలనుంది" అంది.

"ఎక్కడికి?"

"పేరు తెలీదు. ఆస్పత్రి ముందు బస్సెక్కి ఆఖరి స్టాపులో దిగాలి."

అన్నదమ్ములిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. "అక్కడికి నువ్వెప్పుడు వెళ్లావు?" అన్నాడు అన్నయ్య.

"బస్సెక్కండి, చెప్తాను."

బస్సులో వెనక సీటు ఖాళీగా దొరికింది. వదిన కిటికీ వైపు తిరిగి కూర్చుని, బయటికి చూస్తూనే చెప్పింది.

"ఆపరేషనుకు ముందురోజు గుర్తుందా? దువ్వెన మర్చిపోయాను, కొనుక్కొస్తానని మీతో చెప్పి వెళ్లాను."

"చాలాసేపటికి వచ్చావు. దువ్వెనల్లో అంత ఏరడమేమిటని నవ్వాను కూడా" అన్నాడు అన్నయ్య.

"దువ్వెన కాదు, గాడిదగుడ్డు కాదు. పారిపోదామని వెళ్లానండీ."

అన్నయ్య గిర్రున ఆమె వైపు తిరిగాడు. చిన్నోడు ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు.

"డాక్టరమ్మ నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడిగింది. ఆఖరి నిమిషంలో వద్దన్నా ఫరవాలేదు, మీకు కుదరలేదని మీవాళ్లతో మేమే చెప్పుకుంటాం, మీ మీద మాట రాదు అంది. అంటే తలుపు తీసే ఉందన్నమాట. అప్పటిదాకా లేని భయం అప్పుడొచ్చింది. కాళ్లు వాటంతటవే గేటు దాటాయి. ఎదురొచ్చిన బస్సెక్కాను. ఆఖరి స్టాపు, దిగమన్నాడు కండక్టరు. దిగాను. ఏటి ఒడ్డున నీలం తలుపున్న చిన్న హోటలు. లోపల కూర్చుంటే ఏడుపు ఆగలేదు. ఆ వంటావిడ ఏమైందని అడగలేదు. బుట్టెడు బఠానీలు నా ముందు పెట్టి, వలిచి పెట్టమంది."

"బఠానీలా?" అన్నాడు చిన్నోడు.

"బఠానీలే. చేతులు ఖాళీగా ఉంటే భయం ఎక్కువవుతుందమ్మాయ్ అంది. అన్నీ వలిచాను. వేడి సూపు, రొట్టె పెట్టింది. తిన్నాను. తిన్నాక లేచి వెళ్లి అదే బస్సెక్కాను. ఆవిడకు ఒక దణ్ణమైనా పెట్టకుండా వచ్చేశాను. అది నన్ను పీకుతూనే ఉంది."

ఆఖరి స్టాపులో దిగేసరికి ఏటి మీద ఎండ మెరుస్తోంది. నీలం తలుపు అలాగే ఉంది గాని లోపల కళ్లజోళ్ల దుకాణం పెట్టారు. వదిన ముఖం వాడిపోయింది. పక్కనే తాళంచెవులు చేసే అతన్ని చిన్నోడు అడిగితే, "ఆవిడా? వంతెన అవతలికి మారింది. వాసన పట్టుకుని పొండి, తప్పిపోరు" అన్నాడు. అతను చెప్పినట్టే వంతెన దిగేసరికి వేగుతున్న ఉల్లిపాయ వాసన ఎదురొచ్చింది.

నాలుగు బల్లల హోటలు. పొయ్యి దగ్గర నెరిసిన జుట్టు ముడేసుకుని, లావుపాటి చేతులతో గిన్నె కలుపుతోంది ఒక పెద్దావిడ. వదిన గడపలోనే ఆగిపోయింది. "ఆవిడే" అంది మెల్లగా. తరువాత దగ్గరికి వెళ్లి గబగబా, ఒక్క ఊపిరిన జరిగిందంతా చెప్పి చేతులు జోడించింది.

వంటావిడ గరిటె పక్కన పెట్టి ఆమెను ఎగాదిగా చూసింది. "ఏమో అమ్మాయ్, నాకు గుర్తులేదు. ఆఖరి స్టాపు కదా, ఏడ్చుకుంటూ దిగేవాళ్లు చాలామంది వస్తుంటారు."

"బఠానీలు వలిపించారమ్మా."

"అవి ఎవరు దొరికితే వాళ్లచేత వలిపిస్తాను. నాకు బద్ధకం."

వదిన పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మీకు గుర్తులేకపోయినా ఫరవాలేదు, నాకుంది. ఇదుగో, ఇతనే మా మరిది."

పెద్దావిడ చిన్నోడి వైపు తిరిగింది. అతను చేతులు జోడించబోయాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలేసింది. "వెచ్చగా ఉంది చెయ్యి. బాగున్నావు. కూర్చో, పొగలు కక్కే సూపుంది" అంది.

ముగ్గురూ కూర్చున్నారు. చిన్నోడు మేడమీది హోటలుకు ఫోను చేసి ఈ పూట రావడం లేదని చెప్పాడు. సూపు వచ్చింది. అతను చెంచా పట్టుకున్నాడే గాని ముంచలేదు. ఇన్నాళ్లూ వదిన ఎంత ధైర్యస్థురాలో, ఆమెకు అది ఎంత తేలికో అనుకున్నాడు. తేలికగా ఇచ్చినదానికి ఎంత పెద్ద మాట చెప్పాలో తెలియక నోరు కట్టేసుకున్నాడు. ఆమె భయంతో ఇంత దూరం వచ్చిందని, ఎవరూ పిలవకుండా తనంతట తనే వెనక్కి తిరిగిందని ఇప్పుడు తెలిసింది.

"వదినా, నువ్వు తిరిగి రాకపోయినా నేనేమీ అనుకునేవాణ్ణి కాదు" అన్నాడు.

"నాకు తెలుసు. అందుకే రావాలనిపించింది."

"నాకు చెప్పడం చేతకాదు. నీళ్లు తాగినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు. థాంక్స్ వదినా."

ఈసారి ఆమె మాట తెంచలేదు. తల దించుకుని రొట్టె ముక్కను రెండుగా తుంచి, పెద్దది అతని పళ్లెంలో పెట్టింది. "సరే. చెప్పావుగా, తీసుకున్నాను" అంది.

 అన్నయ్య సూపు అప్పుడే అయిపోయింది, ఖాళీ గిన్నెలో చెంచా తిప్పుతున్నాడు. చివరికి బల్ల కింద భార్య చెయ్యి వెతికి పట్టుకుని, "ఆ రోజు నేను నవ్వానే!" అన్నాడు.

"మీరు నవ్వబట్టే నాకు మామూలుగా అనిపించింది. లేకపోతే మీ ముందు బావురుమనేదాన్ని."

ఇంతలో జనం వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ముగ్గురూ బల్ల ఖాళీ చేసి లేచారు. వెళ్తూ వెళ్తూ వదిన ఆవిడకు ఏమైనా పనుందా అని అడిగింది. "ఇవాళ ఉల్లిపాయలు. నీకొద్దులే, చాలా ఏడ్చావు" అంది వంటావిడ.

మర్నాడు పొద్దున ఏటిలో పడవెక్కారు. పడవ నడిపే అతని మీద కూడా అన్నయ్యకు ఫిర్యాదులున్నాయి గాని, రెండు చేతులా పడవ అంచు పట్టుకోవడంతోనే సరిపోయి అవి బయటికి రాలేదు. తరువాత ఆయన కోరిక కాదనలేక ఆ ఎత్తయిన మేడ కూడా ఎక్కి కాఫీ తాగారు. మరమ్మతుల వల్ల హోటలు ఆ రోజు తిరగడం లేదట. "కదలకుండా కూర్చోవడానికి ఇంత ఎత్తు ఎక్కాలా?" అని అన్నయ్య సణుగుతూనే రెండో కాఫీ తెప్పించుకున్నాడు.

కిటికీలోంచి ఊరంతా కనబడుతోంది. ఆస్పత్రి కప్పు అంత దూరాన అగ్గిపెట్టెలా ఉంది. వదిన దాన్ని చాలాసేపు చూసి, "వచ్చే ఏడాది ఆస్పత్రి లేని ఊరికి పోదాం" అంది.

"ఆస్పత్రి లేని ఊరు ఎక్కడుంటుంది వదినా?"

"ఉంటుందిలే. లేకపోతే, ఉన్నా మనకు అక్కరలేని ఊరు చూడు."

చిన్నోడు తల ఊపి, తన గ్లాసులో నీళ్లు నిండుగా పోసుకున్నాడు.