ఇవాళా చెప్పలేదు

కొబ్బరిపీచుతో ఇత్తడి గంగాళం తోముతున్న కురుమమ్మ చెయ్యి, లోపల రేడియో గరగరమనగానే ఆగిపోయింది. మోచేతుల దాకా బూడిద. మొహం మీద పడ్డ నెరసిన జుట్టును భుజంతో వెనక్కి తోసుకుని, కిటికీకి చెవి ఆనించింది.

ఈల, హోరు, మధ్యలో తేలుతూ మునుగుతూ ఒక ఇంగ్లీషు గొంతు. ఆ భాషలో ఆమెకు ఒక్క ముక్క రాదు. కొడుకు ఎంకయ్య పేరు వినబడుతుందేమోనని చూస్తుంది, అంతే.

పాలమూరు నుంచి వచ్చి, అశోక్‌నగర్‌లో లేస్తున్న ఇళ్ళకు ఇటుకలు మోసేవాడు ఆమె కొడుకు. ఎండాకాలంలో తెలంగాణ గొడవలు ముదిరి కాల్పులు జరిగిన రోజున, నారాయణగూడలో పనుందని వెళ్ళి తిరిగి రాలేదు. ఆస్పత్రిలో లేడు, జైల్లో లేడు. చచ్చిపోయినవాళ్ళ సంగతి ఇక్కడివాళ్ళు దాచినా లండన్ రేడియో దాచదని బస్తీలో ఎవరో అన్నారు. అప్పటినుంచీ, తను పనిచేసే ఇంటాయన సూర్యనారాయణమూర్తి గారు వార్తలు వినడం కాగానే ఆమె గుమ్మంలో నిలబడేది.

"మా ఎంకని పేరు చెప్పిన్రా సారూ?"

"లేదు కురుమమ్మా."

ఆ మాట విని మళ్ళీ పనిలో పడేది.

ఇవాళ మూర్తిగారే పిలిచారు. "మనుషులు చంద్రుడి మీద దిగారు కురుమమ్మా! నడుస్తున్నారట!"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "గంత దూరం పోయినోళ్ళు అగుపిస్తున్నరా సారూ? నా కొడుకు నారాయణగూడకు పోయి అగుపడకపాయె."

మూర్తిగారు రేడియో కట్టేశారు.

ఆయన భార్య ఆదిలక్ష్మి వంటింట్లోంచి వచ్చింది. "గిన్నెలు అలమరలో పెట్టకు కురుమమ్మా, గోనెసంచుల్లో సర్దాలి. సాయంత్రం లారీ వస్తుంది. గుంటూరు వెళ్ళిపోతున్నాం. ఈ గొడవల్లో పిల్లల్ని పెట్టుకుని ఉండలేం."

కురుమమ్మ చూపు రేడియో మీదికి పోయింది. "గది గూడ కొండవోతున్రా?"

మూర్తిగారు తలూపారు. "ఎప్పుడో చెప్పాల్సింది. అందులో మనలాంటివాళ్ళ పేర్లు చదవరు కురుమమ్మా. ఎన్నాళ్ళు విన్నా చదవరు."

"నాకెర్కనే సారూ. మీరు లేదంటిరా, ఆ పొద్దుకు వాడు బతికున్నట్టే. గా ఒక్క మాట కోసమే అడుగుత. రేపటి సంది నాకెవరు చెప్తరు?"

ఆదిలక్ష్మి గోనెసంచి మూతి విప్పి ఆమె ముందు పెట్టింది.

సాయంత్రం సామాను ఎక్కించడానికి కురుమమ్మ కూడా ఓ చెయ్యి వేసింది. దుప్పట్లో చుట్టిన రేడియోను ఆదిలక్ష్మి ఒళ్ళో పెట్టుకుంది. లారీ ఎక్కబోతూ మూర్తిగారు వెనక్కి తిరిగారు. కురుమమ్మ ఈసారి అడగలేదు.

"ఇవాళా చెప్పలేదు కురుమమ్మా," అన్నారు.

ఆమె తల ఊపింది. లారీ చిక్కడపల్లి వైపు మలుపు తిరిగి కనుమరుగయింది.

ఖాళీ గదులు ఊడ్చి, చీపురుతో డాబా ఎక్కింది కురుమమ్మ. అక్కడ రెండు వెదురు కర్రల మధ్య రేడియో ఏరియల్ తీగ, విప్పడానికి తీరిక లేక కత్తిరించిన కొస గోడ వెంట వేలాడుతూ, గాలికి సన్నగా ఊగుతోంది.