మొదటి గుక్క

జువ్విగుంటలో ఆ ఆదివారం ఆరాధన ముగిసి, సంఘపెద్ద పోలయ్య ఇంటి వసారాలో ఫ్యాను కింద అయ్యగారికి విస్తరి వేశారు. పోలయ్య భార్య వెంకటసుబ్బులమ్మ కొసరి కొసరి వడ్డిస్తోంది. ఇంతకంటె ప్రశాంతమైన దృశ్యం రాచర్ల మండలంలో ఆ మధ్యాహ్నం మరొకటి ఉండి ఉండదు.

విస్తరి ముందు కూర్చున్న రెవరెండ్ జీవన్ కుమార్ గారు సామాన్యులు కారు. ఏడు పల్లెల చర్చిలు వారి ఏలుబడిలో ఉన్నాయి. గిద్దలూరు మొదలు నల్లమల అంచు దాకా విస్తరించిన ఆ సామ్రాజ్యానికి రథ గజ తురగాలన్నీ కలిపి ఒక మోటారు సైకిలు. రాజలాంఛనాలు రెండు: తెల్లని అంగీ, దొరల కాలంలో ఓడెక్కి వచ్చిన ఒక వెండి పాత్ర. ఆదివారానికి రెండు ఊళ్ళ చొప్పున దండెత్తి, ప్రభు భోజనపు ఆరాధన జరిపి, ఆ ఒక్క పాత్రలోని ద్రాక్షారసాన్ని సంఘమంతటికీ వరుసగా అందించడం వారి దిగ్విజయ యాత్ర.

"అయ్యగారూ, ఒక చిన్న మాట," అన్నాడు పోలయ్య. "ఇంగ ఆ ఒకే పాత్ర వద్దు. పట్నాల్లో మనిషికొక చిన్న గిన్నె పెడుతున్నారంట గదా. మనం గూడా అట్ల పెడదాము."

"ఎందుకు పెద్దయ్యా?"

"రోగాలు! ఎవురి నోట్లో ఏముందో ఎవురికి తెలుసు? శుభ్రం అనేది ఒకటుండాల గదా."

కూర గిన్నెలో వెంకటసుబ్బులమ్మ గరిటె ఒక్క క్షణం ఆగింది. అయ్యగారు అది గమనించలేదు. మారుమూల పల్లెలో ప్రజారోగ్య చైతన్యం ఇలా వెల్లివిరియడం చూసి వారి హృదయం ఉప్పొంగింది. వచ్చే నెలకు గిన్నెలు తెప్పిస్తానని మాట ఇచ్చి, మరొక ముద్ద కలుపుకున్నారు.

ఆ సాయంత్రం గిద్దలూరులో ఈ విజయగాథను భార్య సుజాతకు వినిపించారు. ఆమె బడిపంతులమ్మ, పిల్లలు చెప్పే సాకులు రోజంతా విని విని చెవులు పదునెక్కిన మనిషి.

"ఇయ్యాల పాత్రలో మొదట ఎవరు తాగినారు?" అని అడిగింది.

"ఏమో. నేను పాత్ర తొణక్కుండా చూసుకుంటాను గాని, మనుషులను..."

"చూడరు. అది నాకు తెలుసు. కొంచెం గుర్తు తెచ్చుకోండి."

అయ్యగారు గుర్తు తెచ్చుకున్నారు. బల్ల ముందు మోకరించే గట్టు దగ్గరికి ఆ ఉదయం మొదట నడిచివచ్చింది మౌనిక. కింది వీధి ఎల్లమ్మ మనవరాలు, మార్కాపురంలో నర్సింగు చదువుతున్న పిల్ల. కిందటి నెలలోనే బిషప్ గారు తలమీద చేతులుంచి ఆమెకు కన్ఫర్మేషన్ ఇచ్చి, సంఘంలో పూర్తి సభ్యురాలిని చేశారు గనుక, పాత్రలో పాలు పొందడం ఆమెకు అదే మొదటిసారి. ఆమె తాగిన తరువాత ఆ పక్కనే మోకరించిన పోలయ్య రొట్టె మాత్రం పుచ్చుకుని, పాత్ర వచ్చేలోపు లేచి వెళ్ళిపోయాడు.

"గ్యాస్ ట్రబుల్ అనుకున్నాను," అన్నారు అయ్యగారు నీరసంగా.

"కరోనా తగ్గి గుడి తెరిచినప్పుడు పాత్రే కావాలని మొండికేసింది ఈ పోలయ్యే గదా? అప్పుడు రాని రోగం ఆ పిల్ల పెదవుల మీదనే వచ్చిందా?"

జువ్విగుంట సంగతి పాఠకులకు ఇక్కడ విన్నవించాలి. ఊరికి ఎడంగా, ఊరివాళ్ళు ఒకప్పుడు నిర్ణయించిన దూరంలో, రెండు వీధులున్నాయి. పై వీధిలో ఒక కులం, కింది వీధిలో మరొక కులం. ఊరు ఆ రెండింటినీ ఒకే రీతిగా అవతల పెట్టింది. పై వీధివారు ఆ దూరాన్ని తరతరాలుగా నిరసిస్తూనే, దాని కొలతలను మాత్రం శ్రద్ధగా నేర్చుకుని కింది వీధికి అమలు చేశారు. చర్చిలో పై వీధి ముందు తాగేది, కింది వీధి కడపట తాగేది. నాలుగేళ్ళుగా కళ్ళెదుట జరుగుతున్న ఈ ఏర్పాటును అయ్యగారు ఏమని గ్రహించారంటే, క్రమశిక్షణ అని. జువ్విగుంట తక్కిన ఆరు సంఘాలకూ ఆదర్శమని మహాసభలో ప్రశంసించారు కూడాను.

బుధవారం ఆయన కింది వీధికి వెళ్ళారు. ఎల్లమ్మ మంచం వాల్చింది.

"కూర్చో నాయనా. గిన్నెల మాట విన్నాము. అవి వచ్చిన ఆదివారం నుంచి మా వీధి గుడికి రాదు. రేకుల పంచలో మా పాటలు మేము పాడుకుంటాము."

"ఆస్పత్రిలో రోజూ పుండ్లు కడుగుతాను అయ్యగారూ," అంది మౌనిక. "నాకు శుభ్రం పోలయ్య పెదనాయన నేర్పాల్నా? నా నోరు ఆనిందని పాత్రనే మార్చేస్తే, ఇంగ నేను ఆ గట్టు తొక్కను."

"ఇన్నాళ్ళూ కడగా తాగినాను. మిగిలిందే మనది అనుకున్నాను," అంది ఎల్లమ్మ. "దీనికి ఆ బుద్ధి నేర్పలేకపోతిని."

ఆ మాట ఆయనకు ఏ ప్రసంగమూ తగలనంత లోతుగా తగిలింది. ఈ పిల్ల బయటికి పోతే ఆమె వెంట వీధి పోతుంది. ఏడు చర్చిలు ఎనిమిదవుతాయి, సంఘం మాత్రం ముక్కలవుతుంది. ఆయన అక్కడి నుంచి నేరుగా పై వీధికి నడిచారు.

"గిన్నెలు తెప్పించడం లేదు పెద్దయ్యా."

"మాటిచ్చినారు!"

"ఇచ్చినాను. తప్పుడు మాట. వెనక్కి తీసుకుంటున్నాను."

"అట్లయితే మా వీధి గట్టు దగ్గరికి రాదు. మిమ్మల్ని మార్పించమని బిషప్ అయ్యగారి దగ్గరికి పోతాము."

"పొండి. బస్సు చార్జీలు దండగ ఎందుకు, నా బండి మీదనే కూర్చోండి. నా మీద మీరు చెప్పేది నేను గూడా వినాల గదా."

మరుసటి నెల ఆరాధనకు రెండు వీధులూ కిక్కిరిసి వచ్చాయి. వరుసలు లేవనీ, లేచినవారు లేచినట్టు రావచ్చుననీ అయ్యగారు ప్రకటించారు. మొదట మౌనిక లేచింది. వెనుక ఎల్లమ్మ, ఆమె వెనుక కింది వీధి యావత్తూ. పై వీధి చాపల మీది నుంచి ఒక్క మోకాలూ కదలలేదు. అందరికీ అందించి, అయ్యగారు పాత్ర పట్టుకుని సభ మధ్యకు వచ్చారు.

"ఇందులో ఇంకా రెండు గుక్కలున్నాయి. మిగిలింది పారబోయకూడదు, గురువే తాగాల. అది మన పద్ధతి. అంటే నాలుగేండ్లుగా కింది వీధి తాగినాక, అందరికంటే కడగా తాగుతున్నది నేను. ఆ నోటితోనే మీ ఇండ్లలో అన్నం తిన్నాను. మీ బిడ్డలను ముద్దాడినాను. ఎవురికన్నా రోగం వచ్చిందా? వచ్చింటే చెప్పండి."

"మీరు వేరే, అయ్యగారూ," అన్నాడు పోలయ్య.

"నేనేం వేరే? అంగీ తీస్తే నాదీ ఒక వీధే. టీ బంకు దగ్గర మన తాతలకు గ్లాసు వేరే పెట్టినారు. ఆ అవమానం ఓర్వలేకనే వాళ్ళు ఈ పాత్ర దగ్గరికి వచ్చినారు. ఈడ గూడా గ్లాసు వేరే పెట్టేదానికా పెద్దయ్యా, మనం గుడి కట్టుకున్నది?"

ఆయన పాత్ర పైకెత్తారు.

"తాగొద్దయ్యా. ఆగండి."

ఆడవాళ్ళ చాపల నడుమ నుంచి వెంకటసుబ్బులమ్మ లేస్తోంది.

"ఏందే, కూర్చో!" అన్నాడు పోలయ్య.

"కూర్చోని కూర్చోని మోకాళ్ళు పట్టుకుపోయినాయి. లేస్తా."

ఆమె తిన్నగా గట్టు దగ్గరికి నడిచి మోకరించింది. అయ్యగారు వెనక్కి వచ్చి పాత్ర అందించగా, కింది వీధివారందరూ తాగిన అంచు నుంచే తాగింది. కొంగుతో పెదవులు తుడుచుకోలేదు. ఆమెను చూసి పై వీధిలో మరో ఇద్దరు ఆడవాళ్ళు లేచారు. అయ్యగారు మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళి, పాత్రలో ద్రాక్షారసం పోసి ప్రార్థించి తెచ్చారు.

పోలయ్య లేవలేదు. తరాల తరబడి కట్టిన కోట ఒక్క పూటలో కూలినట్టు చెబితే పాఠకులు నమ్మరు, నమ్మకూడదు. ఆరాధన అయ్యాక అయ్యగారు ఆయన పక్కనే చాప మీద కూర్చున్నారు.

"వచ్చే నెలా ఇదే పాత్ర, పెద్దయ్యా. నన్ను మార్చేదాకా ఇదే. నేను పోయినా, నీ ఇంటామె వదలదు."

పోలయ్య తల వంచుకున్నాడే గాని, బిషప్ గారి మాట ఎత్తలేదు.

మనల్ని దూరం పెట్టినవాడు చేసింది అన్యాయమే. కాని ఆ దూరాన్ని దాచుకుని మనకంటె కిందివాడికి పంచిపెడితే, ఆ అన్యాయానికి కర్తలం మనమే అవుతాము.